చీలమండ పట్టు

పెళ్ళికూతుళ్ళు కూర్చునే గదిలో కోమల కూర్చుని ఉంది. తెల్లటి పట్టీలు చుట్టిన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ముడుస్తూ విప్పుతూ, అయిదింటికి తన వంతు అన్నారు కదా, ఇప్పుడు నాలుగుంపావు, ఈ ముప్పావుగంట ఎంత పొడుగ్గా ఉందో, నాయన కొట్లో చుట్ట విప్పేకొద్దీ వచ్చే కొబ్బరితాడులా, అనుకుంటోంది. అద్దం చుట్టూ పద్నాలుగు బల్బులున్నాయి, రెండు వెలగడం లేదు. అద్దం మూల ఎవరో అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళలు మూడు. నేల మీద నిన్నటి పెళ్ళి తాలూకు మల్లెలు ఎర్రబడి నలిగి ఉన్నాయి, వంటశాల వైపునుంచి సాంబారు వాసన ఇంకా పోలేదు. నిన్న ఈ కుర్చీలోనే ఒక పిల్ల ఇలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది, ఆ చేతులకి గోరింటాకు, ఈ చేతులకి పట్టీలు, ఎదురుచూపు మాత్రం ఇద్దరికీ ఒకటే అయి ఉంటుంది. పుదుచ్చేరి కోసపాళయంలో ఇంత పెద్ద కల్యాణమండపం ఇదొక్కటే, ముహూర్తం లేని ఆదివారం చూసి గుద్దులూ కుస్తీపట్లూ రెండూ చెల్లే పోటీకి తీసుకున్నారు, పీటలు వేసే వేదిక మీద ఇనుపవల పంజరం నిలబెట్టారు, దాని వెనక గోడ మీద నిన్నటి దంపతుల పేర్లు థర్మోకోల్ అక్షరాల్లో సగం ఊడి, సగం మిగిలి ఉన్నాయి. కోమలకి నవ్వొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళకి ఈ గదిలోకి వచ్చింది, వచ్చింది తన్నులు తినడానికి.

మధ్యాహ్నం అవ్వ కూడా ఇలాగే నవ్వింది. అమ్మాయమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు, చూపు తగ్గలేదు, తలుపు మీద తమిళంలో రాసిన పలకని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి ముక్కు మీద వేలేసుకుంది. "ఏంది పాపా, పెండ్లికూతురి రూములో కూసోబెట్టినారే నిన్ను. మాప్పిళ్ళై యాడ, పెండ్లికొడుకు?" "వస్తుండాది అవ్వా, కడలూరు నుంచి. పేరు నందిత. బాక్సింగు పిల్ల." "పొడుగా?" "నాకంటే జానెడు ఎక్కువ." అవ్వ తన జానెడు చాపి చూసుకుంది. "సరి లే. పొడుగు చెట్టుకే గాలి జాస్తి" అని, ఎందుకైనా మంచిదని కోమల తల చుట్టూ చేయి తిప్పి మెటికలు విరిచి, ముందు వరసలో చోటు పట్టుకోవడానికి వెళ్ళిపోయింది. ఈ అవ్వే కదా ఈ ఆట నేర్పే వీరాసామి మాస్టర్ నోరు మూయించింది. మూడు తరాలుగా ఇంట్లోకి గుడ్డు రాని కోమటిచెట్టీల ఇంటి పిల్లకి తాను నేర్పేదేముందని మాస్టర్ మొదట్లో ఇంటికొచ్చి మరీ తల పట్టుకున్నాడు, "గుడ్డు తిననోళ్ళకి గుద్దు యాడనుంచి వస్తాది పెద్దమ్మా?" అని. అవ్వ చెరిగే చాట పక్కన పెట్టకుండానే అడిగింది, "ఏనుగు ఎన్ని గుడ్లు తింటుండాది నాయనా?" ఆ మర్నాటి నుంచి ఉడికించిన వేరుశనగలు, ఉలవలు, పెద్ద గిన్నెడు పెరుగు, ఇవన్నీ అవ్వ తూచినట్టు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది.

హాల్లోంచి ఒక్కసారిగా అరుపు వచ్చింది, తలుపు సందులోంచి దూరి గదంతా తిరిగి అద్దాన్ని కొంచెం అదిరించి పోయింది. ఎవరో పడ్డారు. తనతోపాటు మాస్టర్ దగ్గర నేర్చుకునే మణికంఠన్ పడ్డాడా, పడేశాడా? నాయన ఇప్పుడు కొట్లో ఉంటాడు. రానన్నాడు. ఆదివారం సాయంత్రం వైతికుప్పం జాలర్లు వలదారానికి వస్తారు, కొట్టు మూస్తే ఎట్ల, అన్నాడు. అది సాకు అని ఆయనకీ తెలుసు, కోమలకీ తెలుసు. నాయన పేరున్న కేశవులు తాళ్ళ కొట్టు ముందున్న బల్ల మీద ఏడాదిగా ఒకటే వాదన. ఎదురుగా అణ్ణాదురై సార్, రిటైరైన డ్రిల్లు మాస్టరు, పొద్దున్నే ఫోన్లో లోకమంతా చదువుకుని వచ్చి చెప్తాడు, ఏ దేశంలోనో కుస్తీ పట్టినవాడు ఈ ఆటలోకి వచ్చి నెగ్గాడట, జూడో పిల్ల నెగ్గిందట, పెద్ద బంతాటగాడొకడు వచ్చి మొదటి నిమిషంలోనే పడుకున్నాడట, కాబట్టి ఏ ఆటవాళ్ళు పనికొస్తారో ముందే చెప్పలేం, కబడ్డీ ఏం తక్కువ, అని తమిళంలో. నాయనకి ఎదుటివాడు తమిళంలో వాదిస్తే తెలుగులోనే బదులివ్వాలని పట్టుదల. "కుస్తీ వేరే. అది కొట్లాటకి అక్కకూతురు. కబడ్డీ అంటే ఏంది, తాకి తిరిగొచ్చే ఆట. తాకి తిరిగొచ్చే బిడ్డని తీసకపొయ్యి నాలుగు పక్కలా వల కట్టి నిలబడు అంటే? నేల విడిచి సాము అది." తాను తాకే మనిషి కాదు, పట్టే మనిషి అని కోమల ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కదు. పదేళ్ళ పాటు ఆమె నిలబడింది కోర్టులో ఎడమ మూల. అవతలి జట్టునుంచి కూతకొచ్చిన పిల్ల ఎటు కదులుతుందో చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఆ పిల్ల వెనకడుగు వేసే క్షణానికి నేల మీదకి జారి చీలమండ అందుకోవడం, అందిందంటే వదలకపోవడం. ఆ పట్టు ఎక్కడిదని కోచ్‌లు అడిగితే ఏం చెప్పాలి, ఆరేళ్ళ వయసునుంచి తాటిచెట్టంత తాళ్ళచుట్టల్ని కొట్టు లోపల్నించి వీధిలోకి లాగింది, ముళ్ళు వేసింది, విప్పింది, అరచేతుల్లో పీచు గుచ్చుకుని గుచ్చుకుని చర్మం మొద్దుబారిపోయింది, అదే ఆమె చదువుకున్న వ్యాయామం.

అందిందంటే వదలదు. ఎంత గొప్పగా ఉండేది ఆ మాట. విళుపురం మైదానం దాకా.

ఆ పిల్ల పేరు తిలకవతి. సేలం జట్టు. చీలమండ అందింది, కోమల బిగించింది, పక్కనుంచి ఇద్దరు వచ్చి మీద పడ్డారు, ఆ బరువు కింద ఆ పిల్ల మోకాలు పచ్చి వెదురు విరిగినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడు కోమల చేతుల్లోంచి భుజాల దాకా వచ్చింది. విజిల్ వేసేదాకా ఎవరూ ఎవర్నీ వదలరు, అది ఆట, తప్పు ఎవరిదీ కాదు, అందరూ అదే అన్నారు, తిలకవతి స్ట్రెచర్ మీదనుంచి తనే అంది. కానీ చేతులు వినలేదు. ఆ తర్వాత ప్రతి ఆటలో చీలమండ అందేది, అందిన మరుక్షణం వేళ్ళు వాటంతటవే వదులయ్యేవి, కూతకొచ్చినవాళ్ళు నవ్వుకుంటూ గీత దాటి వెళ్ళిపోయేవారు. రెండేళ్ళలో జట్టులోంచి తీసేశారు. ఒకసారి పుదుచ్చేరి బస్టాండులో తిలకవతి కనిపించింది కూడా, చంకలో ఫైలు, కాలు కొంచెం ఎత్తేస్తూ, కదిలిపోతున్న బస్సు వెంట పరిగెత్తి, కమ్మీ పట్టుకుని, ఎక్కేసింది. కోమల అరటిపళ్ళ బండి వెనక నక్కింది. ఎందుకు నక్కింది? పలకరించి ఉంటే పోయేది కదా. ఆ పిల్లేమో బస్సెక్కి వెళ్ళిపోయింది, నక్కినదే ఆ మైదానంలో మిగిలిపోయింది, మూడేళ్ళు.

అద్దంలో పట్టీల చేతులు పైకెత్తి చూసుకుంది. బాగానే ఉన్నాయి, మధుపర్కాలంత తెల్లగా ఉన్నాయి. తట్టాంచావడిలో మాస్టర్ నేర్పే షెడ్డు మొదట్లో ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీ, ఇప్పటికీ ఎండెక్కితే గోడలు కాలిన ప్లాస్టిక్ వాసన వేస్తాయి, నేల మీద నీలం చాపలు, మూల ఒక పంఖా. మొదటిరోజు వీరాసామి మాస్టర్ గుద్దడం నేర్పుతాడని వెళ్ళింది. ఆయన బాహూరు వైపు రెడ్ల ఇంటి మనిషి, పొద్దున పొలం, సాయంత్రం షెడ్డు, ఒకప్పుడు కుస్తీ పట్టేవాడు, చెవులు రెండూ నలిగిన వంకాయల్లా ఉంటాయి. గుద్దులు తర్వాత, అన్నాడు. "ఫస్టు తట్టేది నేర్సుకో పాపా. నీకు సాలు అనిపిస్తే చేత్తో తట్టు. ఎదుటిది తట్టితే టక్కుమని ఇడువు. అంతే ఆట. మిగతాది అంతా అలంకారం." కోమలకి ఒక్కసారిగా అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. తడితే వదిలేయాలా? విజిల్ దాకా ఆగక్కర్లేదా? "విజిల్ ఏంది, మనిషి తట్టినాక విజిల్ ఎందుకు?" ఆయన తన కాలు ముందుకు పెట్టాడు, పట్టుకో అన్నాడు. పట్టుకుంది. వేళ్ళు వదులవబోయాయి. "నేను తట్టినానా? లేదే. నువ్వెందుకు ఇడుస్తుండావు?" మళ్ళీ పట్టుకుంది. బిగించింది, ఇంకొంచెం బిగించింది, ఆయన చాప మీద టపటపా తట్టాడు, వదిలింది. మళ్ళీ. తట్టాడు, వదిలింది. ఎన్నిసార్లో, ఆయన చీలమండ చుట్టూ ఎర్రటి గుర్తు పడేదాకా. ఇంటికి స్కూటీ మీద వస్తూ ఏడ్చింది, ఎర్రదీపం దగ్గర ఆగి పక్క ఆటోవాడు చూస్తున్నాడని నవ్వింది, పచ్చదీపం పడినా కదలకుండా నవ్వుతూనే ఉంటే వెనకనుంచి హారన్లు. లోకంలో ఇలాంటి ఆట ఒకటుందని, చాలు అనే మాట చేత్తో చెప్పే ఆట, చెప్పగానే వినే ఆట ఉందని, పదేళ్ళలో ఎవరూ చెప్పలేదేం?

తలుపు తోసుకుని మణికంఠన్ వచ్చాడు, పై పెదవి చిట్లి ఉంది, మొహం దీపావళిలా వెలుగుతోంది. "గెలిస్తివా?" "ఓడిపోయినా అక్కా. కానీ మూడో రౌండు కూడా నిలబడినా తెలుసా?" అని ఆ మాట ఇంకా ఎవరికి చెప్పాలో వెతుక్కుంటూ బయటికి పరుగెత్తాడు. బరువులెత్తేవాడు అతను, స్కూటర్ని చంకలో పెట్టుకుని మెట్లెక్కగలడు, కానీ షెడ్డుకొచ్చిన కొత్తలో రెండు నిమిషాలకి నాలుక బయటపెట్టి కూలబడేవాడు, ఇనుము ఎత్తితే ఎత్తించుకుంటుంది, ఇది తిరిగి తంతుండాదే అని ఫిర్యాదు చేసేవాడు. షెడ్డుకొచ్చే ఇంకో కుర్రాడు హరిహరన్ సముద్రం ఒడ్డున పది కిలోమీటర్లు అలుపు లేకుండా పరిగెత్తేవాడు, మొహం మీదకి చెయ్యి వస్తే మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఎవరి ఆట వాళ్ళ ఒంట్లో ఎక్కడో దాక్కుని ఉండి, సమయం చూసి బయటికొచ్చి వాళ్ళని పడేసేది. మరి కోమలని పడేసింది ఏది? ముప్పై సెకండ్లు. కూత అంటే ముప్పై సెకండ్లే కదా, పదేళ్ళుగా ఆమె ఒళ్ళు ముప్పై సెకండ్లు బిగుసుకుని తర్వాత విజిల్ కోసం వదులవడం నేర్చుకుంది, ముప్పై ఒకటో సెకండులో ఎవరో ఒకరు ఆమెని ఎత్తి చాప మీద వేసేవారు, మాస్టర్ గడియారం చూసి మరీ నవ్వేవాడు. చివరికి మార్గం హరిహరనే చెప్పాడు. పది కిలోమీటర్లు ఎవడూ పరిగెత్తలేడక్కా, ఈ కరెంటు స్తంభం నుంచి ఆ స్తంభం దాకా పరిగెత్తడమే, అన్నాడు. అంటే మూడు నిమిషాల రౌండు కాదన్నమాట, ఆరు కూతలు. ఒక కూత అయిపోగానే ఇంకొక పిల్ల గీత దాటి వస్తుంది, మళ్ళీ మూల కాచుకో. ఆ రోజునుంచి ముప్పై ఒకటో సెకండు అంటే భయం పోయింది, పండగ వచ్చినట్టుండేది, కొత్త కూత మొదలు.

మొదటిసారి ముక్కు మీద గట్టి గుద్దు తగిలినప్పుడు కూడా నవ్వే వచ్చింది కదా. ఇంతేనా, అనిపించింది. ఊహల్లో అది ఎంత పెద్దగా ఉండేది, ఎన్ని సాయంత్రాలు భయపెట్టింది, తీరా తగిలాక కళ్ళనీళ్ళు, తుమ్ము, అంతే.

"పాపా, లెయ్." మాస్టర్ తలుపు దగ్గర. గ్లౌజులు తొడిగాడు, వేళ్ళు బయటికి కనిపించే చిన్న గ్లౌజులు, పళ్ళకి రబ్బరు తొడుగు పెట్టాడు, చెప్పిందే మళ్ళీ చెప్పాడు, రొమ్ము చూడు, చేతుల్ని చూడొద్దు, మొహం అస్సలు చూడొద్దు. కోమల తలూపింది. అద్దం మూల మూడు బొట్టుబిళ్ళలూ మళ్ళీ కనిపించాయి, తలుపు దాటింది.

హాలు. ఎన్ని మొహాలు, ఎన్ని ఫోన్లు, ఎంత వేడి, పెళ్ళికి వేసిన పంఖాలే పైన తిరుగుతున్నాయి. ముందు వరసలో అవ్వ రెండు కుర్చీలు ఆక్రమించి, ఖాళీదాని మీద సంచి పెట్టి ఉంది. మూడో వరసలో, నాయన! కొట్టు మూసేసి వచ్చాడు, వచ్చినవాడు వేదికకి వీపు పెట్టి వెనక్కి తిరిగి కూర్చున్నాడు, చూడలేక. ఎదురుగా అణ్ణాదురై సార్ మొహం, ఆయన కళ్ళతో ఈయన చూస్తున్నాడన్నమాట. కోమల పంజరంలోకి మెట్లెక్కింది. వల తలుపు మూశారు. వలదారం అమ్మే ఇంటి పిల్ల, వల లోపలికి వచ్చింది, చేపో, వేసినవాడో, చూద్దాం. అవతల నందిత. జానెడు కాదు, జానెడున్నర ఎక్కువ. తల వెనక్కి బిగించి అల్లిన జడ, బెదురు లేని మొహం, కాళ్ళు నేల మీద ఆనీ ఆననట్టు.

మొదటి కూత. ఎడమచెయ్యి ఎక్కడనుంచి వస్తోందో కనిపించడం లేదు, తగులుతోంది, తగిలింది, మళ్ళీ తగిలింది. రొమ్ము చూడు అన్నాడు, రొమ్ము చూసే లోపల చెయ్యి వచ్చి పోతోంది. రెండో కూత. తల దించితే కిందనుంచి కుడిచెయ్యి. మూడో కూతలో కాళ్ళ మీదకి దూకింది, నందిత వెనక్కి జరిగింది, కోమల చేతులకి గాలి దొరికింది, హాలంతా ఆహా అని నవ్వింది. ముక్కునుంచి వెచ్చగా కారుతోంది, ఉప్పగా ఉంది, సముద్రంలా ఉంది. నాలుగు, అయిదు. లెక్క మాత్రం తప్పడం లేదు. అణ్ణాదురై సార్ గొంతు ఎక్కడో, తగులుతోంది కేశవులూ, ఇంకా నిలబడే ఉంది, ఇంకా నిలబడే ఉంది. ఆరో కూత, గంట.

మాస్టర్ ముక్కు తుడుస్తూ ఏదో చెబుతున్నాడు, రొమ్ము చూడమంటున్నాడు, మళ్ళీ రొమ్మే. కోమల నీళ్ళు పుక్కిలించి, ఎదురు మూలన నిలబడ్డ నందిత పాదాల్ని చూసింది. ఊరికే, కళ్ళు అక్కడ పడ్డాయి. పదేళ్ళు ఆమె చూసింది పాదాల్నే కదా. ఏ పిల్ల మొహమూ గుర్తులేదు, రొమ్ములూ చేతులూ గుర్తులేవు, పాదాలు అడిగితే మాత్రం తమిళనాడు మొత్తం చెప్పగలదు. మరి ఇక్కడికొచ్చి పాదాలు చూడటం ఎందుకు మానేసింది, ఇది వేరే ఆట అన్నారని. "మాస్టర్, నేను కాళ్ళే చూస్తా." "యాడ చూస్తావు?" "కాళ్ళు." ఆయన ఆ నలిగిన చెవి గోక్కున్నాడు. "సరి, చూడు."

అంతే, అంతా మారిపోయింది. పాదాలు అబద్ధం చెప్పవు. ఎడమ పాదం ముందుకు జారుతుంది, బరువు దాని మీద వాలుతుంది, ఆ తర్వాతే చెయ్యి వస్తుంది, ప్రతిసారీ, ఒక్కసారీ తప్పకుండా. ఎంత అందంగా వేస్తోంది ఆ అడుగు! ఎన్నేళ్ళు సాధన చేసి ఉంటుంది ఆ అడుగుని! మొదటి కూత చూస్తూ గడిపింది, రెండు దెబ్బలు తిని కూడా చూసింది, ప్రేమగా చూసింది. రెండో కూత. మూడో కూతలో ఎడమ పాదం జారింది, బరువు వాలింది, కోమల నేల మీదకి జారిపోయింది, ఎప్పటిలాగే, మూలనుంచి జారినట్టే, తల మీదుగా గుద్దు గాలిలో పోయింది, రెండు చేతులకీ చీలమండ అందింది.

అందింది. బిగించింది. వేళ్ళు వదులు కాలేదు. భుజంతో మోకాలి మీద తోసింది, పొడుగు చెట్టు కూలింది, చాప దడాలుమంది, కోమల పాకి వీపు మీదకి ఎక్కింది, చెయ్యి నందిత గడ్డం కిందుగా పోయి మెడ చుట్టి, తన రెండో భుజాన్ని తానే పట్టుకుంది. చెవి పక్కనే నందిత ఊపిరి, గురగురమంటూ. ఆ చప్పుడుకి విళుపురం మట్టి వాసన వేసింది, వదిలేయనా, వదిలేయనా. తట్టినానా, లేదే. తను చెబుతుంది, చాలయితే తనే చెబుతుంది, చెప్పే చెయ్యి తనకి ఉంది. ఇంకొంచెం బిగించింది. చేతి మీద వాన చినుకుల్లా మూడు. టప్, టప్, టప్.

రెఫరీ ముట్టుకునేలోపే కోమల వదిలేసింది.

హాలు లేచి నిలబడింది. అవ్వ కుర్చీ ఎక్కబోతుంటే ఎవరో పట్టుకున్నారు. మాస్టర్ వల ఎక్కి ఏదో అరుస్తున్నాడు, ఏమిటో ఆయనకీ తెలియదు. నాయన ఇటు తిరిగాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఆ పైన అణ్ణాదురై సార్ భుజం పట్టుకుని హాలంతా వినిపించేలా వాదిస్తున్నాడు, "నేల విడిచి సాము చేసిందా? ఇడవలేదే! కబడ్డీ ఆడి గెలిచింది నా బిడ్డ. నేను మొదట్నుంచీ చెప్తుండేది అదే కద!"

చెయ్యి పైకెత్తారు, మెడలో ఏదో వేశారు. కోమల నందిత దగ్గరికెళ్ళి, నొప్పి ఉందా, అని అడిగింది. నందిత మెడ అటూ ఇటూ తిప్పి, లేదని తల ఆడించి, గ్లౌజు పళ్ళతో పీకేసి తమిళంలో అంది, "ఏడేళ్ళుగా ఆ అడుగు వేస్తున్నా. ఎవరూ పట్టుకోలేదు. ఎలా పట్టుకున్నావు?"

"చూపిస్తా. నువ్వా ఎడమచెయ్యి ఎక్కడనుంచి తెస్తున్నావో చెబితే."

"ముందు నువ్వు."

మైకులో తర్వాతి జోడీ పేర్లు పిలుస్తున్నారు, దయచేసి వేదిక ఖాళీ చేయండని రెండోసారి చెబుతున్నారు. నందిత చాప మీద చతికిలబడి ఎడమకాలు చాపింది. కోమల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, కారుతున్న ముక్కు భుజానికి రుద్దుకుని, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బొటనవేలు ఇక్కడ పెట్టాలి, చూడు."